పేరు చెప్పవద్దన్న ఆవిడకు, మిగతా అందరికీ

సెట్టింగులు నిలుస్తున్నాయి. అట్టడుగు వరుస దాకా, సేవ్ చేసినవి సేవ్ చేసినట్టే ఉన్నాయి. కళ్లు మండిపోతున్నా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

మా అప్లికేషన్‌లో ఎవరికి ఏ అనుమతులు ఉండాలో టిక్కులు పెట్టే పేజీ ఒకటుంది. సేవ్ నొక్కితే ‘విజయవంతంగా భద్రపరిచాం’ అని పచ్చగా వచ్చేది. మళ్లీ తెరిస్తే కింది వరుసలు ఖాళీ. అదీ ఎప్పుడూ కాదు, ఒక్కోసారి! డేటాబేస్ గాలించాం, తాత్కాలికంగా దాచి ఉంచే పాత కాపీలనూ (cache) తుడిచేశాం. నా కంప్యూటర్‌లో మాత్రం అంతా బుద్ధిగా పనిచేసేది.

ఒక మిత్రుడు నా గోడు ఎవరికో చెబితే, ఆ ఎవరో నాకు ఫోన్ చేశారు. ముక్కూ మొహం తెలియని మనిషి. కోడ్ పంపమనలేదు. “టిక్కులు పోయినప్పుడు మొత్తం వెయ్యి దాటుతున్నాయా?” అని మాత్రం అడిగారు. లెక్కపెట్టాను. దాటుతున్నాయి.

మా అప్లికేషన్ రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో ‘మాక్స్ ఇన్‌పుట్ వార్స్’ (max_input_vars) అనే పరిమితి ఉందట. మామూలుగా 1000. ఫారం నుంచి అంతకు మించి వచ్చినవాటిని అది వదిలేస్తుంది. టిక్కు లేని పెట్టెను బ్రౌజర్ అసలు పంపదు కనుక, అందని టిక్కుకూ తీసేసిన టిక్కుకూ మా కోడ్‌కు తేడా తెలియదు. నా కంప్యూటర్‌లో ఉన్నవి కొద్దిపాటి వరుసలు, వెయ్యి దాటే ప్రసక్తే లేదు.

“నడుస్తున్న కోడ్‌లోంచి దీన్ని మార్చలేరు. డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ (.user.ini) అనే సెట్టింగుల ఫైలులో పరిమితి పెంచి రాయండి. 300 సెకన్ల దాకా పాత విలువే కనిపించవచ్చు, కంగారుపడి చెరిపేయకండి” అన్నారు. తర్వాత, “ఈ ఐదు నిమిషాలూ లైన్‌లోనే ఉంటాను. ఇంతకీ ఏమైనా తిన్నారా?”

అంతే. నా గొంతు పూడుకుపోయింది. అన్ని రోజులుగా అందరూ నన్ను ‘అయిందా?’ అనే అడిగారు మరి.

ఈ పరిమితి 2012 జనవరిలో పీహెచ్‌పీ 5.3.9 వెర్షన్‌తో వచ్చింది. లెక్కలేనన్ని గడులు పంపి సర్వర్‌ను కూలదోసే దాడులను ఆపడానికి. సబబే. కానీ దాని హెచ్చరిక వెళ్లి సర్వర్ తప్పులు నమోదు చేసుకునే లాగ్‌లో కూర్చుంటుంది. ఆ లాగ్ చూపించండి మహాప్రభో అని, మాకు సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ వాళ్లను వేడుకుంటే, ‘సర్వర్‌లో లోపం లేదు, మీ కోడ్ చూసుకోండి’ అని ఫిర్యాదు మూసేశారు. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. డబ్బు కట్టించుకున్నవాళ్లు చదవని ఫిర్యాదును, దమ్మిడీ ఆశించని ఆవిడ ఓపికగా విన్నారు.

ఇంట్లోవాళ్లకూ మా బృందానికీ వేరే చెప్పాలా, వాళ్లెలాగూ ఉన్నారు.

అయ్యో, మరిచాను: అనుమతుల పట్టికకు ముందే బ్యాకప్ తీసి ఉంచిన సహోద్యోగికి నమస్కారం. అది లేకపోతే పోయిన టిక్కులు ఎవరివో ఎవరికి తెలిసేది? తన పని ఆగిపోయినా కేకలేయకుండా ప్రతిసారీ స్క్రీన్‌షాట్ పంపిన వాడుకరికీ. ఆవిడ అడిగిన లెక్క తేలింది వాటిని చూసే. అన్నట్టు, ఆవిడకు నా గోడు చేరవేసిన మిత్రుడికి కూడా! ఇంకా ఎవరినైనా వదిలేస్తే తిట్టుకోకండి, పడుకుని లేచాక చేరుస్తాను.