జొహాన్నెస్‌బర్గ్‌లో దిగిన సూరికి

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నువ్వు దిగగానే పంపిన ఫోటో చూశాను. నీ వెనకాల పెద్ద అక్షరాల్లో ఓ.ఆర్. టాంబో అంతర్జాతీయ విమానాశ్రయం అని ఉంది. కింద నువ్వు, "ఎవర్రా ఈయన? ఇక్కడ మండేలా పేరు కదా ఉండాలి" అని రాశావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. ఈయన గురించి అందరూ ఆ రెండు ముక్కలే చెబుతారు. అందుకే ఇలా కూర్చున్నాను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయింది, రేపు సెలవు. ఉత్తరం పెద్దదవుతుంది, తీరిగ్గా చదువు.

నువ్వు దిగిన ఆ విమానాశ్రయంలోనే 1990 డిసెంబర్ 13న ఆలివర్ టాంబో దిగాడు. నువ్వు ఇల్లు వదిలి రెండు రోజులైంది, అప్పుడే బెంగగా ఉందన్నావు. ఆయన ఇల్లు వదిలి అప్పటికి 30 ఏళ్ల 8 నెలలు. వెళ్లినప్పుడు వయసు 42, తిరిగొచ్చినప్పుడు 73. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మనిషి. అప్పటికి ఆ విమానాశ్రయం పేరు జాన్ స్మట్స్. టాంబో పేరు 2006లో పెట్టారు, ఆయన పోయిన 13 ఏళ్లకి.

మొదటి నుంచీ చెబుతాను. 1917 అక్టోబర్ 27న, ఇప్పటి ఈస్టర్న్ కేప్‌లో, బిజానా దగ్గర కాంటోలో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పెట్టిన పేరు కైజానా. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. తమ పోండో నేలను బ్రిటిష్ వాళ్లు కలిపేసుకున్నారన్న కోపం ఆ తండ్రికి ఉంది. అందుకని బ్రిటిష్ వాళ్లతో యుద్ధం చేస్తున్న జర్మనీ చక్రవర్తి కైజర్ పేరు కొడుక్కి పెట్టుకున్నాడు! బళ్లో వేశాక పిల్లాడు ఆలివర్ అయ్యాడు. ఫీజు కట్టే స్తోమత లేక చదువు ఆగిపోయే దశలో ఇంగ్లండ్‌లోని ఇద్దరు అక్కాచెల్లెళ్లు డబ్బు పంపి చదివించారు. 1941లో ఫోర్ట్ హేర్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్‌తో బీఎస్సీ పూర్తి చేశాడు. ఆ తరువాతి ఏడాది విద్యార్థుల సమ్మెలో ముందు నిలబడ్డందుకు కాలేజీ నుంచి పంపించేశారు. తను చదువుకున్న జొహాన్నెస్‌బర్గ్ సెయింట్ పీటర్స్ స్కూల్లోనే లెక్కల మాస్టారుగా చేరాడు. నాకు ఈయన మీద అభిమానం మొదలైంది ఇక్కడే, ఆ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

1944లో మండేలా, సిసులు, ఇంకా కొందరితో కలిసి, తెల్లవాళ్ల పాలన మీద పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు యూత్ లీగ్, అంటే యువజన విభాగం, పెట్టారు. అప్పట్లో వీళ్లందరిదీ ఒకటే పట్టు: నల్లవాళ్ల పోరాటం నల్లవాళ్లే చేసుకోవాలి, భారతీయులతో గానీ తెల్ల కమ్యూనిస్టులతో గానీ కలిస్తే వాళ్లు పెత్తనం చేస్తారు అని. 1946లో అక్కడి భారతీయులు సత్యాగ్రహం చేసి జైళ్లు నింపడం చూశారు. 1952లో అందరూ కలిసి అన్యాయపు చట్టాలను ధిక్కరించే ఉద్యమం చేశారు. అలా మెల్లమెల్లగా మారారు. టాంబో తన అభిప్రాయాన్ని మార్చుకోవడానికి ఎప్పుడూ నామోషీ పడలేదు. అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అదే 1952లో నగరం నడిబొడ్డున, కోర్టుకు ఎదురుగా, చాన్సలర్ హౌస్‌లో 'మండేలా అండ్ టాంబో' అని బోర్డు కట్టారు. నల్లజాతి లాయర్లు కలిసి నడిపే ఆఫీసు అప్పట్లో ఆ దేశంలో అదొక్కటే. పొద్దున వచ్చేసరికి మెట్ల మీద, వరండాలో జనం. తెల్లవాళ్ల గుమ్మంలోంచి వెళ్లినందుకు కేసు, నల్లవాళ్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన పాస్ పుస్తకం జేబులో లేనందుకు కేసు, ఉండకూడని పేటలో ఉన్నందుకు కేసు. మండేలా కోర్టులో గొంతెత్తి వాదించేవాడు. టాంబో ఆఫీసులో కాగితాలు ముందేసుకుని నెమ్మదిగా, లెక్క చేసినట్టు, ఒక్కో మెట్టూ కట్టుకుంటూ వెళ్లేవాడు.

ఆయన మనసు మాత్రం చర్చిలో ఉండేది. పాస్టర్ అవుదామనుకున్నాడు, బిషప్ కూడా ఒప్పుకున్నాడు. ఈలోగా 1956 డిసెంబర్‌లో రాజద్రోహం కేసు కింద 156 మందిని పట్టుకెళ్లారు, అందులో ఈయనా ఉన్నాడు. ఆ నెలలోనే బెయిల్ మీద వచ్చి అడిలైడ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ నర్సు. ఆవిడ పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు వ్యతిరేకంగా పోగైన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సంస్థను నిషేధిస్తారని అందరికీ అర్థమైపోయింది. అలాంటి రోజు వస్తే ఒకరు బయటికి వెళ్లి ప్రపంచానికి చెప్పాలని ముందే అనుకున్నారు, ఆ పని ఉపాధ్యక్షుడైన టాంబో మీద పడింది. మార్చి 27న రోనాల్డ్ సీగల్ అనే తెల్లజాతి సంపాదకుడు కారు నడుపుతుంటే సరిహద్దు దాటి బెచువానాలాండ్, అంటే ఇప్పటి బోట్స్వానా చేరాడు. పన్నెండు రోజుల్లో సంస్థ మీద నిషేధం వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు లేదు. ఇక్కడ మన దేశం వస్తుంది చూడు. ఫ్రీన్ గిన్‌వాలా అనే పార్సీ అమ్మాయి పూనుకుని భారత ప్రభుత్వం తరఫున ప్రయాణ పత్రాలు ఏర్పాటు చేయించింది. ఆవిడే 1994లో అక్కడి పార్లమెంటుకు స్పీకర్ అయింది. మీ నాన్నగారు గల్ఫ్ వెళ్లినప్పటి పాత పాస్‌పోర్టు బీరువాలో ఉంటే తీసి చూడమని ఇంట్లో చెప్పు. అప్పటి మన పాస్‌పోర్టులు దక్షిణాఫ్రికాకు చెల్లేవి కావు, ఆ ముక్క అందులోనే అచ్చు వేసి ఉండేది. తన పౌరుణ్ని ఆ దేశానికి వెళ్లనివ్వని ప్రభుత్వమే ఆ దేశం నుంచి బయటపడ్డ మనిషికి దారి ఇచ్చింది.

కొన్ని నెలలకి అడిలైడ్ కూడా బయటపడి లండన్ చేరింది. ఉత్తర లండన్‌లో మస్‌వెల్ హిల్ అనే పేటలో ఇల్లు. అందరూ ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నేను దాటలేను. సంస్థ పని అంతా ఆఫ్రికాలో, మొదట టాంజానియాలో, తరువాత జాంబియా రాజధాని లుసాకాలో. భర్త అక్కడ. భార్య లండన్‌లో రాత్రి డ్యూటీలు చేస్తూ ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఆయన ఇంటికి ఏడాదిలో కొద్ది సార్లు చుట్టంలా వచ్చి వెళ్లేవాడు. ఆ ఇల్లేమో ఎప్పుడూ ఖాళీగా లేదు. ఏ దేశం నుంచో పారిపోయొచ్చిన కుర్రాడికి అక్కడే అన్నం, అక్కడే పడక. ఉద్యమం ఖర్చు పుస్తకంలో అడిలైడ్ జీతం ఎక్కడా రాసి ఉండదురా. ఆ జీతమే లేకపోతే ఆయన నిశ్చింతగా లుసాకాలో కూర్చోగలిగేవాడా?

ఇక సంస్థ సంగతి. 1964లో మండేలా, సిసులు వగైరాలకు యావజ్జీవం పడింది. 1967లో అధ్యక్షుడు లుథులి చనిపోయాడు. పగ్గాలు ఈయన చేతికొచ్చాయి, అదీ తాత్కాలిక అధ్యక్షుడన్న పేరుతో. చాలా కాలం అలాగే నడిచింది. బయట ఉన్నవాళ్లలో నిరాశ. సంస్థ సాయుధ దళం శిబిరాల్లో కుర్రాళ్లు తుపాకులు పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు, దేశంలోకి వెళ్లే దారి లేదు. ఆ దళంలోని క్రిస్ హానీ, ఇంకో ఆరుగురు కలిసి నాయకత్వాన్ని గట్టిగా కడిగేస్తూ మెమొరాండం రాశారు. నాయకులు ప్రయాణాల్లో హాయిగా ఉన్నారు, పోరాటం మరిచిపోయారు అని. సంస్థ వాళ్లను బహిష్కరించింది. 1969లో టాంజానియాలోని మొరొగోరోలో మహాసభ పెడితే అక్కడా అదే గొడవ. టాంబో ఏం చేశాడో తెలుసా? మాట తూటాలా తగిలినా తిరిగి ఒక్క మాట అనకుండా రాజీనామా ఇచ్చేశాడు. సభ మళ్లీ ఆయన్నే ఎన్నుకుంది. ఆ తరువాత హానీ వాళ్లను వెనక్కి తీసుకున్నారు. తనను అంత మాట అన్న హానీ 1987లో సాయుధ దళానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. మన ఊళ్లో ఒక్క సంఘం ఎన్నికల్లో మాటా మాటా అనుకుంటే పదేళ్లు పలకరించుకోరు, నీకు తెలుసు కదా. దేశం లేని, ఊరు లేని, చీకాకులో ఉన్న వేల మందిని 30 ఏళ్లు ఒకే గొడుగు కింద చీలిపోకుండా ఉంచాడు. అదే కాలంలో ప్రవాసంలో ఉన్న ఎన్నో ఉద్యమాలు ముక్కలైపోయాయి. నా మటుకు ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

మొరొగోరోలోనే నల్లవాళ్లు కానివాళ్లకు కూడా సభ్యత్వం ఇవ్వాలని నిర్ణయించారు. ఒకప్పుడు ఒంటరిగానే పోరాడాలన్న మనిషి నాయకత్వంలో!

1976లో జొహాన్నెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల పేట సొవెటోలో బడిపిల్లలు నిరసనగా రోడ్ల మీదికి వచ్చాక వేల మంది సరిహద్దులు దాటారు. వాళ్ల కోసం మొరొగోరో దగ్గర మజింబులో టాంజానియా ఇచ్చిన పాత నార తోట భూమిలో బడి కట్టారు. తెల్ల ప్రభుత్వం 1979లో ఉరితీసిన సాయుధ దళం కుర్రాడు సాలమన్ మహ్లంగు పేరు దానికి పెట్టారు. టాంబోకి పాటంటే ప్రాణం. అక్కడికి వెళితే పిల్లల్ని వరసగా నిలబెట్టి, చెయ్యి ఊపుతూ పాడించేవాడు.

చేదు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీకు సగమే చెప్పినవాణ్నవుతాను. గూఢచారులు చొరబడ్డారన్న భయంతో అంగోలాలో సంస్థ భద్రతా విభాగం క్వాట్రో అనే నిర్బంధ శిబిరం నడిపింది. అక్కడ సొంత కుర్రాళ్లనే చిత్రహింసలు పెట్టారు. 1984లో శిబిరాల్లో తిరుగుబాటు వచ్చింది. టాంబో హయాంలోనే విచారణ సంఘం వేశారు, 1985లో జాంబియాలోని కాబ్వే మహాసభలో ప్రవర్తనా నియమావళి తెచ్చారు. అయినా ఆలస్యమైంది. పైన కూర్చున్న మనిషికి బాధ్యత లేదని నేను అనలేను. ఎంత అభిమానం ఉన్నా, అక్కడ నలిగిపోయిన కుర్రాళ్ల తల్లుల ముందు ఆ మాట ఎలా అంటాం?

అవతలి నుంచి దాడులూ ఆగలేదు. 1982లో మొజాంబిక్ రాజధాని మపుటోలో, ఉద్యమంలో ఉన్న తెల్లజాతి రచయిత్రి రూత్ ఫస్ట్‌ను పార్సిల్ బాంబుతో చంపారు. అదే ఏడాది డిసెంబర్ 9న దక్షిణాఫ్రికా సైన్యం లెసోతో రాజధాని మసేరులో ఇళ్ల మీద పడి 42 మందిని చంపింది. మ్యాప్ తెరిచి లెసోతో ఎక్కడుందో చూడు. నాలుగు పక్కలా దక్షిణాఫ్రికానే. ఆ దేశంలో కాలు పెట్టడమంటే పులి నోట్లో తల పెట్టడమే. టాంబో అక్కడికి వెళ్లి ఆ అంత్యక్రియల్లో నిలబడ్డాడు. ఆస్తమా మనిషి, మెత్తని మాట మనిషి. ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మండేలా పేరు ప్రపంచమంతా మోగించిన ఉద్యమం కూడా ఈయన నాయకత్వంలో సాగిందే. 1980లో నెహ్రూ అవార్డు మండేలాకు ఇస్తే, నవంబర్ 14న ఢిల్లీకి వచ్చి అందుకున్నది టాంబో. లోకం అంతా మండేలా, మండేలా అంటుంటే, ఆ పేరు మోసుకుంటూ దేశదేశాలు తిరిగిన మనిషి వెనకాలే ఉండిపోయాడు. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది చూడు.

1989లో చర్చలు ఏ షరతుల మీద జరగాలో రాసిన పత్రం పట్టుకుని చిన్న విమానంలో ఒక్కో దేశం తిరిగి పొరుగు అధ్యక్షులందరినీ ఒప్పించాడు. ఆ అలసటలోనే ఆగస్టులో లుసాకాలో పక్షవాతం వచ్చింది. కొద్ది రోజులకే, ఆగస్టు 21న, హరారేలో ఆ పత్రాన్ని ఆఫ్రికా దేశాల సంస్థ ఆమోదించింది. ఆ వేళకి ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. తరువాత వైద్యానికి స్వీడన్ తీసుకెళ్లారు. 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యాడు. మార్చిలో స్టాక్‌హోమ్ వెళ్లి టాంబోను చూశాడు. ఇద్దరూ కలుసుకుని 28 ఏళ్లయింది. అధ్యక్ష పదవి నువ్వు తీసుకో అని టాంబో అంటే, ఎన్నిక జరగకుండా తీసుకోను అన్నాడు మండేలా. 1991 జూలైలో డర్బన్ మహాసభలో ఎన్నిక జరిగాకే పదవి చేతులు మారింది.

1993 ఏప్రిల్ 10న క్రిస్ హానీని ఇంటి ముందు కాల్చి చంపారు. రెండు వారాలకు, ఏప్రిల్ 24న, మళ్లీ స్ట్రోక్ వచ్చి టాంబో పోయాడు. దేశమంతటా నల్లవాళ్లు మొదటిసారి ఓటు వేసింది 1994 ఏప్రిల్ 27న. ఒక్క ఏడాది, మూడు రోజులు. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వేయలేదురా సూరీ. ఈ ముక్క చదివిన ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు బయట తిరిగి వస్తాను. అడిలైడ్ ఆ ఎన్నికల తరువాత పార్లమెంటు సభ్యురాలైంది.

నీకు సంతోషం కలిగే సంగతి ఒకటి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మంది కూలీలతో డర్బన్ చేరింది. ఆ తరువాత వచ్చిన ఓడల్లో విశాఖ, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు ఎంతోమంది చెరకు తోటలకు వెళ్లారు. 1996లో రాసుకున్న రాజ్యాంగం 6వ సెక్షన్‌లో గౌరవించాల్సిన భాషల వరసలో తెలుగు పేరు కూడా ఉంది. డర్బన్ వైపు వెళ్లినప్పుడు మన ఇంటిపేర్లు బోర్డుల మీద కనిపిస్తాయేమో చూడు.

ఒక పని చేసిపెట్టు. సెలవు రోజున చాన్సలర్ హౌస్‌కి వెళ్లు. తెలిసినవాళ్లను తోడు తీసుకుని పగలే వెళ్లు, ఒక్కడివే తిరగకు. నీ విమానాశ్రయానికి దగ్గర్లోనే వాట్‌విల్ ఉంది, టాంబో సమాధి అక్కడే. 2007లో పోయిన అడిలైడ్‌ది కూడా ఆ పక్కనే. రెండు పూలు పెట్టు, ఒకటి ఆవిడకి మర్చిపోకు. ఫోటోలు పంపితే తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిస్తాను. లెక్కల మాస్టారొకాయన ఉండేవాడని చెబుతాను.

అమ్మ నీకు ఆవకాయ పంపుతానంటోంది. వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు. వేళకి తిను, చలికి స్వెట్టర్ వేసుకో.

నీ
భాస్కర్