మా మెయిల్ అడ్రస్‌ను స్పామర్లకు అందుబాటులో పెట్టి, మా ఫిర్యాదులు మూసేస్తున్న మీ సపోర్ట్ విభాగం గురించి

గుంటూరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

మీ సపోర్ట్ వాళ్లకు రాసీ రాసీ విసిగిపోయి నేరుగా మీకు రాస్తున్నాను. స్పామ్ అందరికీ వస్తుంది, అది నాకూ తెలుసు. కానీ డబ్బు కట్టే కస్టమర్ చెప్పేది ఒక్కరు కూడా చివరిదాకా వినకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. వెబ్‌సైట్ కట్టిందీ మీరే, నడుపుతున్నదీ మీరే. ప్రతి పేజీ అడుగునా మా మెయిల్ అడ్రస్ ఉన్నదున్నట్టు పెట్టి, నొక్కితే మెయిల్ తెరుచుకునే లింకు ఇచ్చారు. అలాంటి అడ్రస్‌లు ఏరుకుపోవడానికే నెట్‌లో ప్రోగ్రాములు తిరుగుతుంటాయని మీకు నేను చెప్పాలా? పొద్దున్నే మా గుమాస్తా మెయిల్ తెరిస్తే లాటరీలు, లోన్లు, 'పర్చేజ్ ఆర్డర్' అని పేరు పెట్టిన తెలియని ఫైళ్లు. నిజం ఆర్డరు కూడా అదే పేరుతో వస్తుంది కాబట్టి ఏది తెరవాలన్నా అతనికి భయమే.

మొదట ఫోన్ చేస్తే మీ సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి టికెట్ నంబరు ఇచ్చి, 24 గంటల్లో మాట్లాడతారంది. ఎవరూ మాట్లాడలేదు. 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ మాత్రం వచ్చింది. మళ్లీ చేస్తే ఇంకో అబ్బాయి, మళ్లీ మొదటి నుంచి కథంతా. "రోబోట్స్ ఫైల్ పెట్టాం సార్, ఇక రావు" అన్నాడు. ఆ ఫైల్ 'ఇటు రావద్దు' అని రాసిపెట్టిన బోర్డు లాంటిదట. గూగుల్ లాంటివాళ్లు దాన్ని మన్నిస్తారు, దొంగ దాన్నెందుకు చదువుతాడు?

ఆ తర్వాత చాట్‌లో దొరికినాయన అడ్రస్‌ను బొమ్మగా మార్చానని చెప్పాడు. ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడి కొడుకు పేజీ వెనక కోడ్ తెరిచి చూపించాడు. పైన బొమ్మ ఉంది, దాని కింద పాత లింకులో అడ్రస్ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. ఆ ప్రోగ్రాములు చదివేది కోడ్‌నే కదా! ఈ మాట చాట్‌లో రాస్తుండగానే చాట్ మూసేశారు.

అందరికంటే ఎక్కువ నష్టం చేసింది మీ సీనియర్ అని లైన్లోకి వచ్చినాయన. స్పామ్‌ను పక్కకు తోసే ఫిల్టర్ గట్టిగా పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాం. కొలంబో నుంచి ఒక కొనుగోలుదారు తొడిమ తీసిన తేజ రకానికి ధర అడుగుతూ రాసిన మెయిల్ స్పామ్‌లోకి పోయింది. మేం చూసేసరికి ఆయన వేరేచోట కొనేశాడు. మిర్చి యార్డులో ధర పూటకో రకంగా ఉంటుంది, ఎవరు ఆగుతారు? ఇది చెబితే "మా పరిధిలోకి రాదు సార్" అన్నారు. మరి ఎవరి పరిధిలోకి వస్తుంది?

మీ కంపెనీ చిన్న గదిలో ఉన్నప్పటి నుంచి మీతోనే ఉన్నాను. యార్డులో తెలిసినవాళ్లను కూడా మీ దగ్గరికే పంపాను. సగం డబ్బులకే చేస్తామని వేరేవాళ్లు వచ్చినా మారలేదు. ఆ మర్యాదకైనా ఒక్కరు తిరిగి ఫోన్ చేసి ఉండొచ్చు.

అడ్రస్‌ను పేజీలోంచీ, కోడ్‌లోంచీ పూర్తిగా తీసేసి, ఆ చోట కాంటాక్ట్ ఫారం పెట్టించండి. మెయిల్ ఎక్కడికి వెళ్లాలన్నది మీ సర్వర్‌లోనే ఉండాలి. ఫారాన్నే స్పామ్‌తో నింపకుండా, నింపేది మనిషో ప్రోగ్రామో తేల్చే క్యాప్చా ఉండాలి. పాత అడ్రస్ ఇప్పటికే వాళ్ల జాబితాలకెక్కింది, ఇప్పుడు తీసేసినా స్పామ్ ఆగదు. కాబట్టి మీ ఖర్చుతో కొత్త అడ్రస్ ఇచ్చి, పాతదాన్ని కొన్నాళ్లు నడపండి. మా పాత కొనుగోలుదారులు దానికే రాస్తారు. ఇదంతా తెలిసిన మనిషి ఒకరు తన పేరు, ఫోన్ నంబరు ఇచ్చి నాతో మాట్లాడాలి. టికెట్ నంబరు నాకొద్దు.

వారంలోగా కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, లాయరు నోటీసు పంపిస్తాను. మా వెబ్‌సైట్ పేరు, అదే డొమైన్, కూడా మీ దగ్గర్నుంచి మార్చేస్తాను. నేను పంపినవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు చెబుతాను. మీ వాళ్లు మూసేసిన టికెట్లు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి, ఈ లేఖతో జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్