ఫెర్రిటిన్ చూసి గుండె సంగతి చెప్పలేరు, మంత్రిగారూ

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,
గుంటూరు నుంచి ఒక తలసీమియా బిడ్డ తండ్రి నమస్కరించి రాయునది.

మా అమ్మాయికి పదమూడేళ్లు. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు, అందుకే మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఈ ఉత్తరం రక్తం కొరత గురించి కాదు. వేసవిలో కాస్త ఇబ్బంది పడినా, దాతల పుణ్యమా అని నెట్టుకొస్తున్నాం. నా టెన్షనల్లా ఆ రక్తంతో పాటు లోపలికి వెళ్లే ఇనుము గురించే.

ఒక్కో ప్యాకెట్‌లో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంట్లోంచి రోజూ బయటికి పోయేది 1, 2 మిల్లీగ్రాములే. మిగిలింది కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని దించడానికి మందులు వాడుతూ, అవి పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఫెర్రిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఇనుము నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష చేయిస్తాం. తిరకాసంతా ఇక్కడే. ఇన్ఫెక్షన్ వచ్చినా ఫెర్రిటిన్ పెరుగుతుంది. తగ్గినంత మాత్రాన గుండెలో ఇనుము లేదని కాదు. కాలేయంలో పెద్దగా లేకుండా గుండెలో పేరుకున్నవాళ్లూ ఉంటారు. ఎకోలో, అంటే గుండె పనితీరు చూసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో తేడా కనిపించేసరికి చాలాసార్లు గుండె దెబ్బతినే ఉంటుంది.

ముందుగా పట్టుకునేది టీ2 స్టార్ ఎంఆర్‌ఐ, అంటే గుండెలో, కాలేయంలో ఇనుము ఎంతుందో కొలిచే స్కాన్. ఇందులో అంకె ఎంత తగ్గితే ఇనుము అంత ఎక్కువున్నట్టు. గుండెకు 20 మిల్లీసెకన్ల పైన వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. 10 కన్నా తగ్గితే హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు బాగా ఎక్కువ, మందులు వెంటనే పెంచాలి, లేదా మార్చాలి. ఫెర్రిటిన్ తగ్గితే సంబరపడే మాకు, ఈ అంకె తగ్గితే భయపడాలని తలకెక్కడానికే కొంత టైం పట్టింది!

దీనికి కొత్త మిషన్ కొనక్కర్లేదు. 1.5 టెస్లా (అయస్కాంత శక్తి కొలత) ఎంఆర్‌ఐ ఉంటే, తగిన సాఫ్ట్‌వేర్, రీడింగ్ తెలిసిన రేడియాలజిస్టు చాలు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఇక్కడ ఒక ఆసుపత్రిలో అడిగితే “మిషన్ ఉందండీ, ఆ సాఫ్ట్‌వేరే లేదు” అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లి చేయించుకున్నాం. మాకు ఉద్యోగం ఉంది కాబట్టి సరిపోయింది. మిర్చి యార్డులో కూలికి వెళ్లే తల్లి, స్కాన్ కోసం రెండు రోజుల పని మానుకుని పిల్లను అంత దూరం ఎలా తీసుకెళ్తుంది? ఆ స్కాన్ మానేస్తారు, అంతే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియాను చేర్చారు. పింఛను ఇస్తున్నారు, కృతజ్ఞతలు. ఇప్పుడు అడిగేది ఒక్కటే. గుంటూరు జీజీహెచ్‌ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి)లోనో విజయవాడ జీజీహెచ్‌లోనో, కనీసం ఒకచోట, పదేళ్లు నిండిన ప్రతి తలసీమియా బిడ్డకూ ఏటా ఈ స్కాన్ ఉచితంగా తీయాలి. గుండె, కాలేయం రెండూ ఒకే విడతలో చూడాలి. ఎక్కడ, ఏ నెల నుంచి అన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక తండ్రి, గుంటూరు