కొత్త ఉద్యోగంలో చేరబోతున్న సాహితికి

బర్మింగ్‌హామ్

చిరంజీవి సాహితికి అమ్మ ఆశీస్సులు.

ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఉద్యోగం వచ్చిందని నువ్వు చెప్పగానే చాలా సంతోషించాను. కాసేపటికే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నేను నర్సుగా చేరిన కొత్తలో వార్డు పని నేర్పిన జమైకా సిస్టర్ నీకు తెలుసుగా. వాళ్ల తమ్ముడు 1960ల్లో చిన్నపిల్లాడిగా వాళ్లమ్మ పాస్‌పోర్టు మీద వచ్చారు. ఇక్కడే బడి, ఇక్కడే ఉద్యోగం, ఏటా పన్నులు. అరవై దగ్గరపడ్డాక కొత్త యజమాని ఇక్కడ ఉండే హక్కుందని చూపే కాగితాలు అడిగాడు. లేవు. ఉద్యోగం పోయింది.

1948 పౌరసత్వ చట్టం ప్రకారం, అప్పట్లో బ్రిటిష్ వలసలైన జమైకా, బార్బడోస్ వాళ్లు బ్రిటన్ పౌరులే. ఆ జూన్‌లోనే ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ కరీబియన్ దీవుల వాళ్లను తీసుకుని ఇక్కడి టిల్బరీ రేవుకొచ్చింది. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బార్బడోస్ వెళ్లి మరీ మనుషుల్ని చేర్చుకున్నారు. తర్వాత 1962, 1968, 1971 వలస చట్టాలు ఒక్కొక్కటీ వాళ్లు ఇక్కడికొచ్చే దారి ఇరుకు చేస్తూ వచ్చాయి. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడున్న చాలామంది, ఇల్లు కదలకుండానే, జమైకా పౌరులైపోయారు. 1973 జనవరి 1 నాటికి స్థిరపడినవాళ్లు ఉండిపోవచ్చని 1971 చట్టం చెప్పింది గానీ, అందుకు చేతికి ఒక్క కాగితమూ ఇవ్వలేదు. పౌరులుగా నమోదు చేసుకోవడానికి 1987 చివరిదాకా గడువు పెట్టారు. మేం బ్రిటిష్ వాళ్లమే కదా అనుకున్నవాళ్లు ఎందుకు వెళ్తారు?

మనం వీసా మీద వచ్చాం కాబట్టి మన బీరువాలో కాగితాల కట్టలున్నాయి. వాళ్లు పౌరులుగా వచ్చారు కాబట్టే ఏమీ లేవు. ఇది మాత్రం మర్చిపోకు తల్లీ.

2014, 2016 ఇమిగ్రేషన్ చట్టాలతో ఇంటి ఓనర్లూ బ్యాంకులూ కూడా కాగితాలు చూడాల్సి వచ్చింది. నిరూపించుకోవాల్సింది మనిషే. సిస్టర్ తమ్ముడు వంటగది బల్ల మీద ఏళ్లవారీగా పేర్చుకున్నవి నేను చూశాను: పేస్లిప్పులు, డెంటిస్టు ఉత్తరం, పాత అద్దె పుస్తకం. చదివిన బడి ఎప్పుడో మూతపడింది, ఆ ఏళ్ల దగ్గర బల్ల ఖాళీ. 1950లు, 60ల్లో వచ్చినవాళ్ల ల్యాండింగ్ కార్డులు, అంటే దిగినప్పుడు రాసుకున్న కార్డులు, హోం ఆఫీసు దగ్గరే ఉండేవి. 2010లో వాటిని నాశనం చేశారు. నాకు ఇప్పటికీ కోపమొచ్చేది ఇక్కడే.

ఇలాంటివాళ్ల కథలన్నీ బయటపడ్డాయి, ఆ ఓడ పేరుతోనే విండ్‌రష్ గొడవ అన్నారు. 2018లో ఆ గొడవ మధ్యే హోం మంత్రి అంబర్ రడ్ రాజీనామా చేశారు. 1973కి ముందు వచ్చినవాళ్లలో కనీసం 83 మందిని దేశం నుంచి పంపేశారని ప్రభుత్వమే ఒప్పుకుంది.

'ఆధారాలు చాలవు' అని రాసినవాళ్లంతా చెడ్డవాళ్లని నేననుకోను. నీలాగే చదువుకున్న పిల్లలు, టార్గెట్ల కింద నలిగినవాళ్లు. కానీ జీతంలోంచి కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ దశాబ్దాల లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, అడిగితే దొరికేవే. నీ ముందుకు అలాంటి ఫైలు వస్తే కొట్టెయ్యకముందు ఒక ఫోన్ చెయ్యి. ఆలస్యమైతే పైవాళ్లు నాలుగు మాటలంటారు, పడు.

ఈ విండ్‌రష్ గొడవ మీద 2020 మార్చిలో వెండీ విలియమ్స్ ఇచ్చిన నివేదిక చేరేలోపు చదువు. అందులోని 30 సిఫారసుల్లో మూడింటిని 2023లో పక్కన పెట్టారు, అవేమిటో కూడా చూడు.

ఆదివారం సిస్టర్, వాళ్ల తమ్ముడు భోజనానికి వస్తున్నారు. ఆయన నష్టపరిహారం దరఖాస్తు ఇంకా తేలలేదు. వీలు చూసుకుని నువ్వూ రా. మిగతావి ఆయన్నే అడుగుదువుగాని.

మీ అమ్మ