నీ చిరాకుకు గాలి కూడా కారణమేనేమో

ఒరేయ్ రమణా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినవే తిరుగుతున్నాయిరా బుర్రలో. లేవగానే తల బరువు, ఆఫీసుకు చేరేసరికి చిరాకు, అర్ధరాత్రి దాటినా పట్టని నిద్ర. "నా మనసే గట్టిది కాదేమో" అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. ముందు నువ్వు పీల్చే గాలి సంగతి చూద్దాం.

గాలిలో తేలే అతి సన్నటి ధూళిని పీఎం 2.5 అంటారు. దాని రేణువు మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కు దాన్ని ఆపలేదు. ఊపిరితిత్తుల చివరిదాకా పోయి ఒంట్లో వాపు పుట్టిస్తుంది. ఆ ప్రభావం మెదడు దాకా పాకుతుంది. బ్రిటన్‌లో దాదాపు 3.9 లక్షల మంది వివరాలతో 2023లో వచ్చిన పరిశోధనలో, ఏళ్ల తరబడి కలుషితమైన గాలి పీల్చినవాళ్లకు డిప్రెషన్, ఆందోళన ఎక్కువగా వచ్చినట్టు కనబడింది. గాలి ఒక్కటే కారణమని దాంతో తేలిపోదనుకో. కానీ నీ చేతిలో ఉన్నంతవరకు దాన్ని తగ్గించుకోవడంలో నష్టమేముంది?

తెల్లవారుజామున ఐదింటికి వాకింగ్ అన్నావు. ఈ చలికాలం అది మానెయ్. డిసెంబరు, జనవరిలో నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. పొగంతా కిందే నిలిచిపోతుంది. ఎండ బాగా కాశాకే ఆ మూత లేస్తుంది. సాయంత్రం నాలుగింటికి నడువు, అదీ మెయిన్ రోడ్డు పక్కన కాదు, లోపలి వీధుల్లో. గాలి నాణ్యత చెప్పే ప్రభుత్వ యాప్ సమీర్‌లో సనత్‌నగర్ లాంటి నీ దగ్గరి గాలి కొలిచే స్టేషన్ చూసుకో. ఒక్క కిటుకు: అక్కడి ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, గత 24 గంటల సగటు మీద వస్తుంది, పొద్దుటి పొగ అందులో కలిసిపోయి కనిపించదు. గంట గంటకూ వచ్చే పీఎం 2.5 అంకె చూడు. రోజుకు సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల దాకా మన దేశంలో పర్వాలేదంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 15 దాటొద్దంటుంది.

బండి మీద కర్చీఫ్ కట్టుకుంటే ఇసుక ఆగుతుందేమో గానీ ఈ ధూళి ఆగదు. ఎన్95 మాస్కు కొను. పెట్టుకున్నాక ముక్కు మీది తీగ రెండు వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదులు. కళ్లకు గాలి తగిలితే అది సరిగ్గా కూర్చోలేదన్నమాట. గడ్డం ఉంటే అంచుల్లోంచి లీకవుతుంది, తీసెయ్యక తప్పదు.

ఇక అసలు సంగతి, పడగ్గది. దోమల కాయిల్ ఒక్కటి కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నధూళి వస్తుందని 2003లో లెక్కగట్టారు. తలుపులు మూసి అది వెలిగిస్తే పొద్దున తల బరువెక్కక ఏమవుతుంది? దోమతెర కట్టు. అగరొత్తులు కూడా పడగ్గదిలో వద్దు. ఇంకోటి, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, ఉన్నదాన్నే తిప్పుతుంది. ఇద్దరు పడుకున్న గదిలో తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగి నిద్ర మబ్బుగా ఉంటుంది. మధ్యాహ్నం కిటికీలు రెండు వైపులా బార్లా తెరిచి అరగంట ఉంచు, రాత్రి లోపలి తలుపు కాస్త ఓరగా పెట్టు. ప్యూరిఫయర్ కొనాలనుకుంటే 12x10 అడుగుల గదికి గంటకు కనీసం 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (అది శుభ్రం చేసిచ్చే గాలి లెక్క) ఉండాలి. ఓజోన్ వదిలేవి అసలు కొనకు.

సాయంత్రం ఐదు తర్వాత కాఫీ వద్దు. ఫోన్ హాల్లోనే వదిలెయ్.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి మనసు దిగాలుగానే ఉంటే ఆగకుండా డాక్టర్‌ని కలువు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఊహ ఒక్కటి వచ్చినా ఆ రెండు వారాలు చూడొద్దు, ఆ క్షణమే చెయ్.

నీ పడగ్గది కొలతలు, కిటికీ ఏ వైపుందో రాసి పంపు. ప్యూరిఫయర్ కావాలో, కిటికీతోనే సరిపోతుందో చెప్తా.

నీ
శీను