మన ఆఖరి అంకె ఉమ్మడి సర్వర్ ఎక్కకూడదు

సంపాదకులకు,

ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలతో 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సరకుల వాణిజ్య ఒప్పందం సమీక్ష మీద చర్చంతా సుంకాల చుట్టూనే తిరుగుతోంది. ఆ సుంకాల పట్టికలు ఏ దారిన చేతులు మారుతున్నాయన్నది ఎవరూ అడగడం లేదు. 2025 మే చివర్లో ముడి పామాయిల్‌పై మూల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ఆ అంకె కదిలితే అశ్వారావుపేటలో, పెదవేగిలో టన్ను ఆయిల్‌పామ్ గెలల ధరపై ఆ ప్రభావం పడుతుంది. మనం ఎంతవరకు దిగుతామో అవతలివాళ్లకు ముందే తెలిసిపోతే ఇక బేరమెక్కడిది?

ఇది ఉత్తి భయం కాదు. 2004లో సముద్రగర్భ చమురు, గ్యాస్ వాటాల చర్చలు నడుస్తుండగా తూర్పు తిమోర్ మంత్రివర్గ గదిలో ఆస్ట్రేలియా గూఢచారులు రహస్య మైకులు పెట్టిన వ్యవహారం తర్వాత బయటపడింది. ఆ తిమోరే 2025 అక్టోబరులో ఆసియాన్‌లో 11వ సభ్యదేశమైంది. 2019లో బ్రిటన్ ఎన్నికల ముందు బయటికొచ్చిన అమెరికా వాణిజ్య చర్చల పత్రాలు ఒక మాజీ మంత్రి వ్యక్తిగత ఈమెయిల్ నుంచి దొంగిలించినవని ఆ మరుసటి ఏడాది వార్తలొచ్చాయి.

ఇలాంటి పట్టికలు ఇచ్చిపుచ్చుకునే ఆన్‌లైన్ చర్చల వేదిక కట్టేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది, అందులో ఏది పెట్టకూడదన్నది. అవతలి పక్షానికి ఇచ్చేసిన ప్రతిపాదనలే ఉమ్మడి సర్వర్‌లో ఉండాలి. మన ఆఖరి అంకె (బేరంలో మనం దిగగలిగే చివరి హద్దు), మంత్రిత్వ శాఖల నోట్లు మన సొంత సర్వర్ గడప దాటకూడదు. రెంటికీ మధ్య ఒక్కటే దారి, అదీ ఇద్దరు అధికారులు ఆమోదిస్తేనే తెరుచుకోవాలి. ఆ దారిన ఎక్సెల్ ఫైలును ఉన్నదున్నట్టు పంపడం పెద్ద తప్పు. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకు జవాబుగా ఇచ్చిన ఎక్సెల్‌లో దాగి ఉన్న షీటు వల్లే సుమారు 10 వేల మంది సిబ్బంది వివరాలు బయటపడ్డాయి. హెచ్‌ఎస్ కోడ్ (సరకులకు అంతర్జాతీయంగా ఇచ్చే సంఖ్య), ప్రస్తుత సుంకం, ఏటా తగ్గింపు, ఈ గళ్లు మాత్రమే సాదా సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా వెళ్లాలి. కోడ్ 2017 కూర్పుదా, 2022దా అన్నదీ రాయాలి. లేకపోతే ఒకే అంకెను ఇద్దరూ వేర్వేరు సరకులుగా చదువుకునే ప్రమాదముంది.

ఇరుపక్షాలూ ప్రతిపాదనలను ఒకేసారి విప్పాలంటే ముందుగా హ్యాష్‌ను, అంటే ఆ పట్టిక డిజిటల్ వేలిముద్రను పంపుకొని, గడువు దాటాక అసలు పట్టికను తెరుస్తారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 15111000, అంటే ముడి పామాయిల్ వరుస తీసుకోండి. సుంకం సున్నా నుంచి 100 దాకా అరశాతం మెట్లలో ఉంటే మొత్తం 201 అంకెలే. ఒక్కోదానికీ హ్యాష్ కట్టి పోల్చితే మామూలు ల్యాప్‌టాప్ కూడా రెప్పపాటులో మన అంకె చెప్పేస్తుంది. అందుకే ప్రతి వరుసకూ విడిగా 256 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను కలిపి హ్యాష్ కట్టాలి. ఆ సంఖ్యను పట్టికతో పాటే బయటపెట్టాలి. గడువు యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే రాయాలి. జకార్తా మనకన్నా గంటన్నర, సింగపూర్ రెండున్నర గంటలు ముందుంటాయి.

సర్వర్ ఎవరి దగ్గరున్నా ఫైళ్ల తాళాలు, అంటే వాటిని చదవనిచ్చే రహస్య సంకేతాలు ఆయా దేశాల చేతుల్లోనే ఉండాలి. ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారానికి రహస్య కవచం వేసే టీఎల్‌ఎస్ దారిలో మాత్రమే కాపాడుతుంది, సర్వర్ చూసుకునేవాడి కంటి నుంచి కాదు. బృందంలోంచి ఒకరు వెళ్లిపోతే ఆ రోజే తాళం మార్చాలి.

లాగిన్‌కు ఎస్‌ఎంఎస్ ఓటీపీ వద్దు. నకిలీ పేజీలో కొట్టిన ఓటీపీని దొంగ వెంటనే అసలు పేజీలో వాడేస్తాడు. ఫిడో భద్రతా కీ (లాగిన్‌కు వాడే చిన్న పరికరం) అయితే వెబ్ చిరునామా సరిపోలనిదే పనిచేయదు. మనిషికి రెండు కీలివ్వాలి, ఒకటి బీరువాలో ఉండాలి. కీ పోయినప్పుడు ఈమెయిల్ లింకుతో లాగిన్ తిరిగి ఇచ్చే వెసులుబాటు పెడితే ఈ జాగ్రత్తంతా వృథా.

ఇంకొకటి. మన బృందం పామాయిల్ వరుసను రోజుకు 40 సార్లు తెరిస్తే, లోపల ఏముందో తెలియకపోయినా మన బెంగ ఎక్కడుందో సర్వర్ లాగ్ (ఎవరు ఏది తెరిచారో రాసుకునే చిట్టా) చెప్పేస్తుంది. ఆ సరకు ఉన్న హెచ్‌ఎస్ అధ్యాయం మొత్తం ఒకేసారి దించుకుని ఆఫ్‌లైన్‌లో చదవాలి.

కేంద్ర వాణిజ్య శాఖ ఈ వేదిక నమూనాను బయటి నిపుణులకు చూపించి, ఉత్తుత్తి సుంకాల పట్టికతో కనీసం ఒక మాదిరి చర్చ నడిపించాలి. ఆ చర్చ మధ్యలో ఒక కీ పోయిందని, ఒక సర్వర్ ఆగిందని ముందుగా చెప్పకుండా ప్రకటించి చూడాలి.

- సమాచార భద్రత, కస్టమ్స్ రంగాల్లో పనిచేస్తున్న కొందరు, హైదరాబాద్