బుజ్జమ్మకి, పర్లాకిమిడి నుంచి నాన్న

బుజ్జమ్మా,

ఎలా ఉన్నావు? హాస్టల్ తిండి పడుతోందా? మీ అమ్మ రోజూ అడగమంటుంది, నువ్వేమో "తిన్నాను నాన్నా" అని ఫోన్ పెట్టేస్తావు. అందుకే ఇలా టైప్ చేస్తున్నాను, పేపర్లు వేసొచ్చి బడ్డీలో కూర్చుని. కాస్త పొడుగవుద్ది, తీరుబడిగా చదువుకో.

మొన్న ఫోన్‌లో "రిపోర్టింగ్ ఇవ్వలేదు నాన్నా, సోషల్ మీడియా డెస్క్‌లో పడేశారు, లింకులు పోస్ట్ చేసే పని" అన్నావు చూడు, ఆ మాట అప్పట్నుంచి మనసులోంచి పోవట్లేదు. 35 ఏళ్ళ పైగా పేపర్ ఏజెంటుగా ఉన్నవాణ్ణి, అది చిన్న పనంటే నేనొప్పుకోను తల్లీ.

మన బడ్డీ దగ్గర పొద్దున్నే ఎంతమంది నిలబడేవారో చిన్నప్పుడు చూశావు కదా. కొనేవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళు క్లిప్పులకి వేలాడదీసిన పేపర్ల మొదటి పేజీలో పెద్దక్షరాలు చదువుకుని, ఫొటో చూసుకుని వెళ్ళిపోయేవారు, సాయంత్రానికి ఊరంతా అదే వార్త, లోపల ఆరో పేజీలో మిగతా సగం ఏం రాశారో ఎవరికీ పట్టదు. ఇప్పుడు ఫోన్లో జరిగేదీ అదే. మీ సైట్‌లో రిపోర్టర్ కష్టపడి రాసింది వందలో ఎంతమంది తెరుస్తారో గానీ, వాట్సాప్‌లో వచ్చే ఆ చిన్న కార్డు, ఫొటో, హెడ్డింగ్, కింద రెండు లైన్లు, అది మాత్రం అందరూ చూస్తారు. ఆ కార్డు రాసేది నువ్వు. అంటే మన బడ్డీ దగ్గర నిలబడ్డ జనానికి వార్త చెప్పేది నువ్వే.

ఈనాడు వాళ్ళు 1989లో జిల్లా పేజీలు విడిగా మొదలెట్టారు, నేను ఏజెన్సీ తీసుకున్నదీ ఆ రోజుల్లోనే. మనకి సిక్కోలు, అదే శ్రీకాకుళం, పేజీలు వచ్చేవి. పాతపట్నంలో లైటు ఆరిపోయినా వార్తే, మనూరిలో ఏం జరిగినా, ఇది ఒరిస్సా కదా అని, ఎప్పుడో ఓ మూల నాలుగు లైన్లు. ఒడియా పేపర్లలో మన తెలుగువాళ్ళ గోడు ఉండదు, తెలుగు పేపర్లలో మన జిల్లా ఉండదు. మధ్యలో ఉండిపోయాం. తర్వాత నెట్ వచ్చినా ఏం లాభం, ఒక్కో పేపర్ సైట్‌కి ఒక్కో ఫాంట్, అది లేకపోతే అన్నీ డబ్బాలే, అందులోంచి ఓ ముక్క కాపీ చేసి ఎవరికైనా పంపుదామంటే పిచ్చి గీతలొచ్చేవి. యూనికోడ్, అంటే అన్ని ఫోన్లలో ఒక్కో అక్షరానికి ఒకటే కోడ్, వచ్చాకే తెలుగు వార్త ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి నడవడం నేర్చుకుంది. 2016లో జియో వచ్చాక ఇంక అసలు ఆగలేదు. 2017 అక్టోబర్ 2న బీబీసీ వాళ్ళు తెలుగులో మొదలెట్టినప్పుడు ఫోన్లో తెచ్చి చూపించావు, కాగితమే లేకుండా తెలుగు వార్తలా అని ఆశ్చర్యపోయాను. ఇప్పుడు మన కాశీనగరంలోనో గుణుపురంలోనో ఓ కుర్రాడు వీడియో తీసి పెడితే విశాఖలో చూస్తున్నారు. ఇదంతా మనలాంటోళ్ళకి మంచే చేసింది, అందులో నాకు అనుమానం లేదు.

కానీ తిత్లీ తుఫాను గుర్తుందా? నువ్వు టెన్త్. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మన దగ్గర కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, మహేంద్రతనయ నదికి వరద ఎంత వచ్చిందో చూశావు. మూడో రోజున ఎవరింట్లోనో జనరేటర్ ఉంటే అందరం ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నాం. ఆన్ అయిన వెంటనే మొదట వచ్చింది ఓ న్యూస్ పేజీ వీడియో, లింకు కార్డుతో సహా. గుణుపురం దారిలో వంతెన కొట్టుకుపోయిందని, బస్సు గల్లంతని. మీ మావయ్య గుణుపురంలోనే ఉన్నాడు, ఆ రోజు బయల్దేరతానన్నాడు. మీ అమ్మ అక్కడే గోడకి ఆనుకుని జారిపోయింది. ఆ ఏడాదే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఫార్వర్డ్ 5 చాట్లకే అని పరిమితి పెడతామన్నారు, అయినా అదే వీడియో నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది.

నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. మూడోసారో నాలుగోసారో వంతెన పక్కన ఓ కొట్టు బోర్డు కనపడింది. తెలుగే అనుకున్నాను, కానీ తలకట్టు మన తలకట్టులా లేదు. వేలితో పెద్దది చేసి చూస్తే కన్నడ. అది ఎక్కడో కర్ణాటకది, ఎప్పటిదో! అక్షరాలు మనవాటికి అంత దగ్గర కాబట్టి ఇక్కడెవరికీ అనుమానం రాలేదు. మావయ్య మర్నాడు నడిచీ లిఫ్టులడిగీ ఇంటికొచ్చాడు, ఆ ఒక్క రాత్రి మీ అమ్మ పడింది మాత్రం నేనెప్పటికీ మర్చిపోను. తర్వాత ఆ న్యూస్ పేజీ వాళ్ళు హెడ్డింగ్ మార్చేశారు, చప్పుడు లేకుండా. కానీ మా ఫోన్లలో ఉన్న కార్డు మారలేదు, పాత హెడ్డింగే. ఎందుకని నిన్నడిగితే నువ్వే చెప్పావు, పేజీ లోపల ఓపెన్ గ్రాఫ్ అని కనపడని ట్యాగులుంటాయి, ఫేస్‌బుక్ వాళ్ళు 2010లో తెచ్చారు, లింక్ పంపినప్పుడు వాటిలో ఏముంటే అదే కార్డుగా అతుక్కుంటుంది, తర్వాత పేజీ దిద్దినా వెళ్ళిపోయిన కార్డు దిద్దుకోదు అని. నోటిఫికేషన్ కూడా అంతే కదా, మోగి చదివేశాక వెనక్కి రాదు. పేపర్‌కైతే మర్నాడు సవరణ వేసేవారు, నేను అదే ఇళ్ళకి వేసేవాణ్ణి. మీ డెస్క్ తప్పు చేస్తే అదే గ్రూపుకి, అదే పేజీకి, అంతే పెద్ద అక్షరాలతో "నిన్న మేము పెట్టింది తప్పు" అని కొత్త కార్డు పంపించు తల్లీ. మీ పైవాళ్ళు వద్దంటే గట్టిగా అడుగు. ఫొటో మీదే తేదీ, ఊరు పేరు వేయించు, కింద క్యాప్షన్‌లో వేస్తే ఎవడో కట్ చేసి పంపేస్తాడు.

వీడియోల గురించి కూడా ఓ మాట. మూడు సెకన్లు ఆగితే అప్పట్లో ఫేస్‌బుక్ లెక్కలో చూసినట్టేనట, 2016లో వాళ్ళే ఒప్పుకున్నారు సగటున చూసే టైమ్ ఎక్కువ చేసి చూపించామని. ఆ లెక్కలు నమ్మి బయటి దేశాల్లో రాసేవాళ్ళని తీసేసి వీడియోల వెంట పడ్డ సంస్థలున్నాయి, 2018లో ఫేస్‌బుక్ వాళ్ళు స్నేహితుల పోస్టులు ముందూ వార్తలు వెనకా అనేసరికి ఆ సంస్థలకి ఏంచేయాలో తోచలేదు. తూము ఇంకోడి చేతిలో ఉంటే పొలం మనదైనా నీళ్ళు మనవి కావు. మీ సైట్‌కి నేరుగా వచ్చే పాఠకుణ్ణి పోగొట్టుకోవద్దు.

నాకు ఓ కోరిక ఉంది. కోర్సులో ఉన్నప్పుడు చూపించావు, 2012లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు మంచు చరియలు విరిగిపడ్డ కథని మ్యాపులూ వీడియోలూ రాతా అన్నీ కలిపి ఒకే పేజీలో పెట్టింది, కిందికి జరుపుతుంటే కొండే కదులుతున్నట్టు ఉంది. తిత్లీకి మన జిల్లాలో బారాఘర దగ్గర కొండ విరిగి, గుహలో తలదాచుకున్నవాళ్ళు పోయారు. తెలుగులో దాని మీద నేను చదివింది నాలుగు లైన్లు. ఎప్పుడైనా సెలవు పెట్టి రా, ఇద్దరం వెళ్దాం. అక్కడి సవర గిరిజన ముసలాళ్ళ మాటలు వాళ్ళ గొంతుతోనే వినిపించి, కింద తెలుగు అక్షరాలు వేయి. సౌండ్ తీసేసి చూసేవాళ్ళకి కూడా అర్థమవుద్ది. గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో మేష్టారుగా ఉండే సవర భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిందీ ఇక్కణ్ణుంచే. ఆయన చెవులతో విని కాగితం మీద పెట్టుకున్నారు, నీ చేతిలో ఫోన్ ఉంది.

ఆ కన్నడ బోర్డు వీడియో నేను తీసేయలేదు, పాత ఫోన్లో ఇంకా ఉంది. రాత్రికి పంపుతాను. మీ డెస్క్‌లో అందరికీ చూపించు, బోర్డు ఎన్నోసారికి కనపడిందో ఒక్కొక్కళ్ళనీ అడిగి నాకు చెప్పు.

మీ నాన్న